లైటు ఆర్పించకండి, ప్లగ్గులు కొనకండి

పాత బండి మిస్సింగ్ కొడుతోందా? పొద్దున్నే దాన్ని ఊరంతా తిప్పి, కాగుతున్న ఇంజన్‌తో మెకానిక్ ముందు ఆపకండి. రాత్రే తీసుకెళ్ళి షెడ్డు ముందు పెట్టండి. తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి రండి. తెల్లారి ఉస్తాద్ వచ్చే వేళకు వెళ్ళి, రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని ఆయన కళ్ళముందే స్టార్ట్ చేయండి.

ఈ మాట చెబితే అందరూ ఎగాదిగా చూస్తారు. బ్యాటరీ ఎవరైనా విప్పుకుపోతే ఎవరిది పూచీ అంటారు. నేను రాయబోయే సలహాల్లో చాలా వాటికి ఇదే గతి. ఊళ్ళో పదిమంది చెప్పేదానికి ఇవి ఎదురుగా ఉంటాయి. అయినా వీటినే నమ్ముతాను, ఎందుకంటే ఆ పదిమంది మాట విని ముందు నా డబ్బు పోయింది.

హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండ వెనక గల్లీలో ఒక షెడ్డుంది. షెడ్డంటే నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, గోడకు ఆనించిన చెక్కబల్ల, అంతే. అక్కడి ముసలి ఉస్తాద్ నాతో మొదట అన్నమాట: "గాడీ ఠండీచ్ లావ్." బండిని చల్లగానే తీసుకురా అని. ఎందుకో మర్నాడు తెలిసింది. ఇంజన్ స్టార్ట్ చేయించి, పిల్లవాడితో చాయ్ గ్లాసులో నీళ్ళు తెప్పించుకున్నాడు. ఓ నిమిషం ఆగాడు. నాలుగు సిలిండర్ల నుంచి పొగ సైలెన్సర్ వైపు వెళ్ళే నాలుగు ఇనప గొట్టాలుంటాయి కదా, వేళ్ళు నీళ్ళలో ముంచి వాటి మీద ఒక్కో చుక్క విదిల్చాడు. మొదటి దాని మీద చుయ్యిమంది. మూడో దాని మీద, నాలుగో దాని మీద కూడా. రెండో గొట్టం మీద పడ్డ చుక్క చుక్కగానే కూర్చుని, మెల్లగా పక్కకి జారి కింద పడింది.

"దో నంబర్," అన్నాడు.

రెండో సిలిండర్లో మంట లేదు. అందుకే ఆ గొట్టం ఇంకా చల్లగా ఉంది. బండి వేడిగా వచ్చి ఉంటే పక్క గొట్టాల వేడి దానికీ పాకి, నాలుగూ ఒకేలా కాలుతుండేవి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చెప్పే నిజం తర్వాత ఎంతసేపటికీ చెప్పదు. కొన్ని బండ్లలో ఆ గొట్టాల మీద రేకు కప్పు ఉంటుంది, అది విప్పించాలి. కొన్నింట్లో అవి ఇంజన్ వెనక్కి ఉండి చెయ్యే పోదు. అలాంటప్పుడు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి, మళ్ళీ పెట్టి చూడాలి. మంచి సిలిండర్‌ది పీకితే ఇంజన్ ఇంకా గిలగిలలాడుతుంది. చచ్చిన సిలిండర్‌ది పీకితే ఏ తేడా ఉండదు. దానికి బదులు ప్లగ్ వైరు పీకి చూసేవాళ్ళు ఉన్నారు. ఆ పని చేయకండి. షాక్ గట్టిగా కొడుతుంది, పైగా మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది.

అసలు మిస్సింగ్ అంటే ఒక సిలిండర్ తన వంతు వచ్చినప్పుడు మండకపోవడం. మండడానికి కావలసినవి సరైన సమయంలో నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, తగినంత గాలి, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్. ఇందులో ఏది తప్పినా బయటికి వచ్చే చప్పుడు ఒకటే. మారుతి 800లో మూడే సిలిండర్లు కాబట్టి ఒకటి చచ్చిపోతే బలంలో మూడో వంతు పోయినట్టే, స్టీరింగ్ దగ్గర్నుంచి సీటు దాకా వణుకుతుంది. చప్పుడు ఒకటే కాబట్టి అందరి నోటా మందూ ఒకటే వస్తుంది: ప్లగ్గులు మార్చు.

మార్చకండి. ముందు అసలేం కొనకండి.

నేను కొన్నాను. మొదట నాలుగు ప్లగ్గులు, పది రోజులకు కాయిల్, ఆ తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్. ప్రతిసారీ రెండు రోజులు బాగుండేది, మూడో రోజు వాన పడేది, మళ్ళీ మదీనా చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బండి దడదడలాడేది. మీటర్లో పసుపుపచ్చగా ఇంజన్ లైటు. ఆ లైటును కూడా రెండుసార్లు ఆర్పించాను. బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెడితే ఆరిపోతుందని ఒకాయన చెప్పాడు, నిజంగానే ఆరింది. పెద్ద తప్పు అదే.

ఇంజన్ లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ వేగం ఎంత, వేడి ఎంత, బండి ఎంత స్పీడులో ఉంది, లోడు ఎంత అన్నవి చాలా బండ్లలో కోడ్‌తో పాటు కంప్యూటర్లో నిలిచిపోతాయి. ఆ రాత పాతదైనా, పూర్తిగా లేకపోయినా అది దొరికిన చోటు నుంచే వెతుకులాట మొదలవుతుంది. లైటు ఆర్పితే అదంతా చెరిగిపోతుంది. ఇంజన్ అన్నాళ్ళూ తనకు తాను సర్దుకుని నేర్చుకున్న పెట్రోలు లెక్కలు కూడా పోతాయి. మళ్ళీ నేర్చుకునే రోజుల్లో ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే, అది పాత జబ్బా కొత్తదా అన్నది ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి కారణం దొరికే దాకా లైటు వెలగనివ్వండి. స్కానర్ పెట్టిన మనిషి కోడ్ కనపడగానే 'క్లియర్' నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ముందు కోడ్‌ని కాగితం మీద రాయించుకోండి.

మరి ఏ లైటుకి ఆగాలి? పసుపుపచ్చది స్థిరంగా వెలుగుతుంటే నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్ళవచ్చు. అదే పసుపుపచ్చ లైటు టపటపా కొట్టుకుంటుంటే పక్కకి ఆపండి. మండని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండుతోంది, దాన్ని కాల్చేస్తోంది అని అర్థం. ఎర్రటి నూనెబుడ్డి లైటు బండి నడుస్తుండగా వెలిగితే ఇంకో ఫర్లాంగు కూడా పోవద్దు. నూనె కొంచెం తగ్గింది, ఇంటికెళ్ళి పోసుకుందాం అనే లైటు కాదది. ఇంజన్ లోపల నూనె ప్రెజర్ లేదని చెప్పేది. అక్కడికక్కడ ఇంజన్ ఆపేయాలి, నయాపుల్ మీద ఉన్నా సరే, వెనక వాళ్ళు ఎన్ని హారన్లు కొట్టినా సరే.

ఇక్కడ తారీఖులు తెలిసి ఉండటం మంచిది. మన దేశంలో కార్లకు ఓబీడీ అనే సొంత తనిఖీ వ్యవస్థ 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో వచ్చింది, దాని రెండో దశ 2013 ఏప్రిల్‌లో. బీఎస్-4 ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ నెల నుంచే ఇక్కడ మారుతి 800 అమ్మకం ఆగిపోయింది. కాబట్టి పాతబస్తీ గల్లీల్లో తిరిగే 800లు అన్నీ ఆ గీతకు అవతలివే. వాటి లైటు మిస్సింగ్‌కి కొట్టుకుంటుందని ఎదురుచూడకండి. చవక స్కానర్ వాటికి తగులుకోకపోయినా ఆశ్చర్యం లేదు. ఇంకా పాత పద్మిని, అంబాసిడర్ అయితే కంప్యూటరే లేదు. డెల్కో, పాయింట్లు, కండెన్సర్, కార్బురేటర్, అంతే. వాటికి ఉస్తాద్ చెవీ చాయ్ గ్లాసులో నీళ్ళే స్కానర్.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు నేను ఇంజన్ కన్నా ముందు చూసేది లైట్లు. తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందు, మీటర్లో లైట్లన్నీ ఒక్కసారి వెలగాలి. ఇంజన్ లైటు వెలగకపోతే బండి ఆరోగ్యంగా ఉందని కాదు, బల్బు పోయిందనో పీకేశారనో. నూనె లైటు వైరుకి దీన్ని కలిపేసి, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరేలా చేసేవాళ్ళూ ఉన్నారు. స్టార్ట్ చేయగానే రెండూ సరిగ్గా ఒకే క్షణంలో ఆరితే అనుమానించండి.

2020 అక్టోబరు వానలను ఈ వైపు వాళ్ళెవరూ మరిచిపోరు. అల్ జుబైల్ కాలనీలో, హఫీజ్ బాబానగర్‌లో, చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల ఇళ్ళలోకే నీళ్ళొస్తే వాకిట్లో బండ్ల సంగతి చెప్పాలా? ఇలా మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి మళ్ళీ రోడ్డెక్కుతాయి. వాటి జబ్బు వెంటనే బయటపడదు. కనెక్టర్ల లోపల రాగి మీద చిలుము పచ్చగా నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికో రెండేళ్ళకో ఒక్కొక్క లైటూ వెలగడం మొదలవుతుంది, ఇవాళ ఇంజన్, రేపు ఏబీఎస్, ఎల్లుండి ఏదీ లేదు. అలాంటి బండికి సెన్సార్లు కొంటూ పోతే అంతులేదు. సీట్‌బెల్టుని చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉంటుంది. అవి కనబడితే పార్టుల షాపుకు కాదు, వైరింగ్ పని తెలిసిన మనిషి దగ్గరికి వెళ్ళండి. ఒక్కో కనెక్టరూ విప్పి, శుభ్రం చేసి పెట్టేవాడే దానికి వైద్యుడు.

మా బండి కథకి వద్దాం. రెండో సిలిండర్ అని తేలాక ఉస్తాద్ కొత్త పార్టు అడగలేదు. రెండో ప్లగ్గు తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే మిస్సింగ్ రెండో దాంట్లోనే ఉంది. అంటే ప్లగ్గుది తప్పు కాదు. విడి విడి కాయిల్స్ ఉన్న బండ్లలో కాయిల్‌ని కూడా ఇలాగే పక్కదాంతో మార్చి చూడవచ్చు. జబ్బు పార్టుతో పాటు కదిలితే ఆ పార్టుది, కదలకపోతే ఆ చోటుది. రూపాయి ఖర్చు లేని పరీక్ష. స్కానర్‌లో పీ0302 అని వచ్చినా అది చెప్పేది ఇంతే, రెండో సిలిండర్ సరిగ్గా మండటం లేదని. కాయిల్ మార్చమని అందులో ఎక్కడా లేదు. ఆ మాట కలిపేది మనమే.

తీసిన ప్లగ్గుల్ని పారేయకండి, ఒక డబ్బాలో కలిపేయకండి. ఆ షెడ్డులో కోడిగుడ్ల అట్ట ముక్క ఒకటుంది, గుంటల పక్కన పెన్నుతో అంకెలు వేసి ఉన్నాయి. తీసిన వరసలోనే అందులో నిలబెడతారు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంజన్ లోపలి కథ చదవచ్చు. లేత గోధుమరంగు మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే రవ్వ పడటం లేదు. జిడ్డుగా నల్లగా ఉంటే రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో నూనె దిగుతోంది. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది. మూడు మామూలుగా ఉండి ఒక్కటి మాత్రం కడిగి తుడిచినట్టు మెరుస్తుంటే, రేడియేటర్లో నీళ్ళు కూడా తగ్గుతుంటే, అది హెడ్ గాస్కెట్ గొడవ కావచ్చు. మాది తడిగా ఉంది.

మిగిలింది వైరు. పగటి వెలుగులో చూస్తే బాగానే ఉంది, మీటర్ పెట్టి చూసినా బాగానే ఉంది. "రాత్రికి రా," అన్నాడు. ఇషా నమాజు అయ్యాక వెళ్ళాను. పెట్రోలు ఎక్కడా కారడం లేదని చేత్తో తడిమి చూసుకుని, షెడ్డు బయట, గాలి ఆడే చోట బండి పెట్టించి లైటు ఆపించాడు. ఇంజన్ నడుస్తుండగా స్ప్రే సీసాతో ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్ళు చల్లాడు. చీకట్లో రెండో వైరు మొదట్లో, రబ్బరు టోపీ కింద, నీలంగా చిన్న మెరుపు టిక్ టిక్‌మంటూ ఇంజన్ ఇనుముకేసి దూకుతోంది. ప్లగ్గు దాకా పోవలసిన కరెంటు దారిలోనే దిగిపోతోంది. టోపీ విప్పి గోరుతో వంచితే వెంట్రుకంత పగులు. వానాకాలం పొద్దుటిపూట ఆ పగుల్లో తేమ చేరేది, ఎండెక్కాక ఆరేది. నా మూడు రిపేర్లూ రెండేసి రోజులు పనిచేసినట్టు కనబడటానికి కారణం అదే. ఆ రోజుల్లో వాన లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే అక్కడి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ దగ్గర కాసేపు ఆగండి. 1912 నాటి బండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారైంది, అది వచ్చేసరికి ఆయన లేడు, 1911లోనే పోయాడు. అందరూ వెనకాల ఉన్న సింహాసనం లాంటి సీటు చూస్తారు. నేను చూసేది బానెట్‌ని. సిల్వర్ ఘోస్ట్‌లో ఆరు సిలిండర్లకు పన్నెండు ప్లగ్గులు. ఒక వరస మాగ్నెటో మీద, ఇంకో వరస కాయిల్ మీద నడుస్తాయి, డ్రైవర్ రెంటిలో దేన్నయినా ఆపి చూసుకోవచ్చు. ఒకటి మీద మిస్సింగ్ ఉండి రెండోదాని మీద పోతే జబ్బు ఏ వైపు ఉందో కూర్చున్న చోటే తెలిసిపోతుంది. కొత్తది కొనకుండా, ఉన్నదాన్ని ఉన్నదానితో పోల్చి చూడటమన్న ఆ పద్ధతే మా ఉస్తాద్ ప్లగ్గులు అటుదిటు మార్చడంలోనూ ఉంది.

మిస్సింగ్ ఎప్పుడు వస్తోందో రాసుకోండి. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు వచ్చి, వేగం అందుకోగానే పోతే ముందు వాక్యూమ్ పైపులు, థ్రాటిల్ బాడీ చూడమనండి. ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే రవ్వ బలహీనంగా ఉంది, లేదా పెట్రోలు ప్రెజర్ చాలడం లేదు, ఫిల్టర్ చూడాలి. ఆరాంఘర్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఒకే వేగంలో పోతున్నప్పుడు వస్తే అదింకో కథ. బండి గ్యాస్ కిట్‌ది అయితే ఆ సంగతి దాచకండి. గ్యాస్ మండటానికి ఇంకా గట్టి రవ్వ కావాలి, అందుకే పెట్రోలు మీద దాగిన వైరు పగులు గ్యాస్ మీద బయటపడుతుంది. ప్లగ్గు గ్యాప్ కూడా కొంచెం తగ్గించాలి.

బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ కొనకండి. ఆ లైటు చెప్పేది చార్జింగ్ లేదని, అంటే ఆల్టర్నేటర్, దాని బెల్టు, దాని వైర్లు. కొత్త బ్యాటరీ కూడా రెండు రోజుల్లో పడుకుంటుంది, వోల్టేజి పడిపోతున్న కొద్దీ రవ్వ బలహీనమై అదీ మిస్సింగ్‌గానే కనబడుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద దాదాపు 14 వోల్టులు ఉండాలి.

టాంకులో పోసే సీసా మందులు, గేరు వేయకుండా రేస్ ఇచ్చి కార్బన్ కాల్చేయడం, కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేయించడం, ఇవేవీ వద్దు. పగిలిన వైరుని ఏ మందూ అతికించదు.

కంప్రెషన్ పోయిందని చెబితే మాత్రం కంగారుపడి బండిని కబాడీకి ఇచ్చేయకండి, ఇంజన్ దించడానికీ వెంటనే ఒప్పుకోకండి. ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. వాల్వుల గ్యాప్ చేత్తో సర్దే ఇంజన్ అయితే ముందు ఆ గ్యాప్ చూడమనండి. గ్యాప్ బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయిన ఇంజన్లు ఉంటాయి, వాల్వు కాలకముందే పట్టుకుంటే ఒక స్పానర్, ఒక ఫీలర్ గేజ్‌తో తేలిపోతుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ఎదురు వాదన వచ్చే సలహా. ఉస్తాద్‌కి వెతికినందుకు డబ్బివ్వండి. పార్టు వేసినందుకు కాదు, వెతికినందుకు.

మన దగ్గర లెక్క ఎలా ఉంది? కాయిల్ బిగిస్తే ఇంత, ప్లగ్గులు మారిస్తే ఇంత. రెండు గంటలు బానెట్‌లో తల పెట్టి కారణం కనుక్కుంటే సున్నా. "ఏం మార్చావని డబ్బులు?" అని మనమే అడుగుతాం. ఆ సున్నాతో అతని ఇల్లు గడవదు కాబట్టి అతను ఏదో ఒకటి మారుస్తాడు. అతన్ని దొంగ అనడం నాకు ఇష్టం లేదు, వెతకడానికి కూలి లేని చోట వెతికేవాడు ఎలా నిలుస్తాడు? నా ప్లగ్గులు, నా కాయిల్ మార్చినవాళ్ళు కూడా నేను దేనికి డబ్బిస్తానో అదే చేశారు. కాబట్టి బానెట్ తెరవకముందే చెప్పండి: ఉస్తాద్, పార్టు పడినా పడకపోయినా మీ టైముకి ఇంత. అప్పుడు ఆయన చెయ్యి స్పానర్ మీదికి కాక నీళ్ళ గ్లాసు మీదికి వెళుతుంది.

ఆ రాత్రి ఒక్క వైరు ఖరీదు కాక ఆయన అడిగిన మజూరీ మరీ తక్కువ. బిగించడానికి నిమిషం పట్టింది కాబట్టి అంతే అన్నాడు. పొద్దుటిపూట, రాత్రిపూట కలిపి ఆయన నిలబడ్డ సమయానికి లెక్క కట్టి ఇచ్చాను. మొదట తీసుకోలేదు, తర్వాత తీసుకుని జేబులో పెట్టుకోకుండా కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

మొన్న ఎండల్లో హెడ్‌లైట్లు వేయగానే ఇంజన్ దడదడలాడటం మొదలైతే మళ్ళీ వెళ్ళాను, చల్లటి బండితోనే. రెండు గంటలు వైరు వైరూ పట్టుకుని చూశాడు. చివరికి ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు కొస విప్పి, తుప్పును గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాడు. ఏ పార్టూ మారలేదు. డబ్బు తీసుకున్నాడు, చాయ్ మాత్రం ఆయనే తెప్పించాడు.